స్క్రీన్ ప్రింటింగ్ పెట్టాలనుకుంటున్నాను, ఏ మిషన్ కొనాలి?

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. వయసు 37. ఒక ప్రింటింగ్ షాపులో పదకొండేళ్లుగా డీటీపీ చేస్తున్నారు. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు అన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళతాయి. జీతం నెలకు 15 వేలు. భర్త రైసుమిల్లులో గుమాస్తా. అమ్మాయి ఈ ఏడే ఇంటర్లో చేరింది, ఇంకా 60 వేలు ఫీజు కట్టాలి.

సంచుల మీద, టీషర్టుల మీద స్క్రీన్ ప్రింటింగ్ (ఫ్రేముకు బిగించిన సన్నటి జల్లెడ గుడ్డలోంచి ఇంక్ దించి అచ్చువేయడం) సొంతంగా చేసుకోవాలని ఆవిడ కోరిక. ఈ మధ్యే 3 లక్షల చీటీ పాడుకుంటే 2 లక్షల 55 వేలు చేతికొచ్చాయి. ఇంకా నెలకు 10 వేల చొప్పున 11 వాయిదాలు కట్టాలి. హైదరాబాద్‌లో ఒక డీలరు నాలుగు రంగుల మిషన్, ఎక్స్‌పోజింగ్ యూనిట్ (స్క్రీన్‌కు వెలుతురు చూపించే పెట్టె), ప్రింటు ఆరబెట్టే ఫ్లాష్ డ్రయ్యరు, కన్వేయర్ డ్రయ్యరు అన్నీ కలిపి 3 లక్షల 80 వేలు చెప్పాడు. రెండు రోజులు ట్రైనింగ్ ఇస్తామని, ఆర్డర్లు కూడా తామే పంపిస్తామని అన్నాడు. నెలాఖరులోగా అడ్వాన్సు కడితే 20 వేలు తగ్గిస్తాడట. మరిది లక్షన్నర పెడతానంటున్నాడు. అయితే స్క్రీన్ ప్రింటింగ్ పాతబడిపోయిందని, డీటీఎఫ్ ప్రింటరు (బొమ్మను ఫిల్ము మీద ప్రింట్ చేసి, వేడితో గుడ్డకు అంటించే పద్ధతి) కొందామని, తనకు సగం వాటా కావాలని అంటున్నాడు. భర్త "ఉన్న ఉద్యోగం పోగొట్టుకుని అప్పులపాలవుతావా" అని ఒక్క మాట అని, ఆ తర్వాత ఆ ఊసే ఎత్తడం లేదు. షాపు ఓనరు మంచాయన. ఫ్లెక్సీలు రాకముందు ఆయన వాడిన స్క్రీన్ టేబుల్ ఇప్పుడు మేడమీద మూలన పడి ఉందట. "రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదండీ, ఒకటే టెన్షన్. ఏది కొనమంటారు? ఉద్యోగం మానేయనా? మరిదిని కలుపుకోనా?" అని అడిగారు.

ముందు డబ్బు లెక్క చూద్దామండీ. మిగతా ప్రశ్నలన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. "నా దగ్గర రెండున్నర లక్షలు ఉన్నాయి" అని రాశారు. అక్కడే నాకు భయం వేసింది. గడువు తీరకముందే పాడుకున్న చీటీ డబ్బంటే అందులో కొంత మీ పొదుపు, మిగతాది అప్పు. 11 వాయిదాలంటే, డివిడెండు కింద కొంత తగ్గినా, లక్షా పదివేల దాకా మీరు కట్టి తీరాలి. అమ్మాయి ఫీజు 60 వేలు కూడా తీసేస్తే, నిజంగా మీరు ధైర్యంగా వాడుకోగలిగింది 85 వేలు. డీలరు చెప్పిన ప్యాకేజీకి ఇది నాలుగో వంతు కూడా రాదు. అది కొని, ఉద్యోగమూ మానేస్తే, వచ్చే నెల చీటీ వాయిదా ఎక్కడి నుంచి వస్తుందో ఒకసారి కాగితం మీద రాసి చూసుకోండి. మీ వారి భయానికి కారణం కూడా ఇదే అయి ఉంటుందని నాకు అనిపిస్తోంది. ఆయన మీ మీద నమ్మకం లేక ఆ మాట అనలేదేమో.

ఇంకో విషయం గమనించాను. మీ ఉత్తరంలో మిషన్ల గురించి మూడు పేరాలు ఉన్నాయి. ఏం ప్రింట్ చేస్తారు, ఎవరికి చేస్తారు అన్నదానికి ఒక్క వాక్యమే ఉంది. ఇందులో మీ తప్పేమీ లేదు, డీలరు మాటలు అలాగే ఉంటాయి. కానీ ఎక్కడ ఏం సామాను కావాలో చెప్పేది ఆర్డరే. నాలుగు రంగుల మిషన్ కావాలంటే నాలుగు రంగుల పని నెలంతా ఉండాలి. చిన్న ఊళ్లో మొదటి ఏడాది వచ్చే పని చాలావరకు ఒక్క రంగే: బట్టల షాపు సంచి మీద పేరు, పెళ్లి సంచి మీద వధూవరుల పేర్లు, స్కూలు టీషర్టు మీద ముద్ర. పైగా కన్వేయర్ డ్రయ్యర్లలో చాలావాటికి త్రీఫేజ్ కరెంటు కావాలి. మీది అద్దె ఇల్లని రాశారు. ఇంటి కనెక్షన్ మీద అంత లోడు లాగలేరు. కమర్షియల్ కనెక్షన్, దానికి డిపాజిట్, ఇంటి ఓనరు ఒప్పుకోవడం, ఇవేవీ ఆ 3 లక్షల 80 వేలల్లో లేవు.

"ఆర్డర్లు మేమే ఇస్తాం" అన్న మాట గురించి గట్టిగానే చెబుతాను. మిషన్ అమ్మేవాళ్లు పని కూడా ఇస్తామన్నప్పుడు నెలకు ఎన్ని పీసులు, పీసుకు ఎంత, ఎన్ని రోజుల్లో డబ్బు, నాణ్యత బాగాలేదని వెనక్కి పంపితే నష్టం ఎవరిది అన్న నాలుగూ రాతపూర్వకంగా అడగండి. ఇదివరకు కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు అడగండి. వాళ్లు ఇచ్చిన నంబరు ఒక్కటే నమ్మకుండా, కుదిరితే ఆ ఊరెళ్లి, మిషన్ నడుస్తోందో దాని మీద దుప్పటి కప్పి ఉందో కళ్లారా చూడండి. రాసివ్వడానికి వెనకాడితే ఆ మాటను ధరలోంచి తీసేసి, మిషన్ ఒక్కదానికే అంత డబ్బు పెట్టొచ్చో లేదో ఆలోచించుకోండి.

ఇప్పుడు అసలు పని సంగతి. ఈ వృత్తిలో కష్టమంతా స్క్రీన్ తయారు చేయడంలోనే ఉంది. ప్రెస్సు ఎంత ఖరీదైనదైనా స్క్రీన్ సరిగా రాకపోతే ప్రింటు రాదు. స్క్రీన్ బాగుంటే కొయ్య టేబుల్‌కి రెండు హింజ్ క్లాంపులు (ఫ్రేమును పట్టుకుని ఎత్తి దించే బందులు) బిగించి కూడా చక్కటి ప్రింటు తీయొచ్చు. ఫ్రేముకు బిగించిన మెష్ గుడ్డ మీద ఎమల్షన్ పూసి, చీకట్లో ఆరబెట్టి, పైన పాజిటివ్ (డిజైను నల్లగా పడ్డ పారదర్శక ఫిల్ము) పెట్టి వెలుతురు చూపిస్తే, వెలుతురు తగిలిన చోట ఎమల్షన్ గట్టిపడుతుంది. నల్ల అక్షరాల కింద మెత్తగానే ఉండి నీళ్లకు కడుక్కుపోతుంది. అక్కడి నుంచే ఇంక్ దిగుతుంది. చెప్పడానికి ఇంతే. వెలుతురు తక్కువైతే కడిగేటప్పుడు ఎమల్షన్ మొత్తం ఊడిపోతుంది, ఎక్కువైతే సన్నగీతలు మూసుకుపోతాయి. మన గోదావరి జిల్లాల్లో వానాకాలం గాలిలో తేమకి పూసిన స్క్రీన్ పైకి ఆరినట్టే ఉండి లోపల పచ్చిగా ఉంటుంది. ఇవన్నీ రెండు రోజుల ట్రైనింగులో వచ్చేవి కావు. స్క్రీన్లు పాడు చేసుకుంటూ నేర్చుకోవాల్సిందే, కాబట్టి ఆ పాడయ్యేవి చవకవి అయి ఉండాలి.

అందుకే ఓనరు గారి మేడమీది టేబుల్ నాకు డీలరు ప్యాకేజీ కంటే విలువైనదిగా కనిపిస్తోంది. వెళ్లి చూడండి. టేబుల్ చదునుగా ఉందా, క్లాంపులు ఊగకుండా పట్టుకుంటున్నాయా చూసుకోండి. పాత కొయ్య ఫ్రేములు మెలి తిరిగి ఉంటే పక్కన పెట్టేయండి, టేబుల్ మీద నాలుగు మూలలూ ఆనని ఫ్రేముతో ప్రింటు ఒకవైపే పడుతుంది. బాగున్నవాటికి కొత్త మెష్ వేయించుకోండి. స్క్వీజీ (ఇంక్‌ను స్క్రీన్ మీద లాగే పట్టీ) రబ్బరు అంచు గుండ్రంగా అరిగిపోయి ఉంటుంది కనుక కొత్తది కొనాల్సిందే. గుడ్డ పనికి 65 షోర్ (రబ్బరు గట్టిదనం కొలత) దగ్గరలో ఉన్నది తీసుకుంటే సరిపోతుంది.

మెష్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మన షాపుల్లో రెండు రకాల లెక్కలు నడుస్తాయి. 43టీ అంటే సెంటీమీటరుకు 43 దారాలు, అదే అంగుళం లెక్కలో దాదాపు 110. 77టీ అంటే అంగుళానికి దాదాపు 195. 120టీ అంటే 305. మీరు "120 ఇవ్వండి" అంటే ఒకడు కార్డులకు పనికొచ్చే సన్నటిది ఇస్తాడు, ఇంకొకడు గుడ్డకు వాడే ముతకది ఇస్తాడు. ఏ లెక్కలో అడుగుతున్నారో చెప్పి కొనండి. గుడ్డ సంచి మీద పెద్ద అక్షరాలకు 43టీ, కాస్త సన్నటి పనికి 77టీ, ఈ రెండూ ఉంటే మొదలుపెట్టొచ్చు. ఫ్రేము లోపలి కొలత ప్రింటు కంటే ప్రతివైపూ మూడు, నాలుగు అంగుళాలు పెద్దదిగా ఉండాలి, లేకపోతే ఇంక్ నిలవడానికి చోటు ఉండదు.

ఎక్స్‌పోజింగుకి అల్ట్రావయొలెట్ ట్యూబులు పెట్టిన పెట్టెను మీ ఊరి వడ్రంగి, ఎలక్ట్రీషియన్ కలిసి చేసిపెడతారు. పైన అద్దం, దాని మీద స్క్రీన్, నల్లగుడ్డ, బరువు. పాజిటివ్ మీద అట్టముక్క పెట్టి జరుపుతూ, ఒకే స్క్రీన్‌లో వేర్వేరు సమయాలు ఇచ్చి చూస్తే మీ పెట్టెకు, మీ ఎమల్షన్‌కు సరిపోయే సమయం తెలుస్తుంది. దాన్ని గోడ మీద రాసి పెట్టుకోండి. ఎండలో కూడా చేస్తారు గానీ, మబ్బు పట్టిన రోజుకీ నిప్పులు కురిసే రోజుకీ సమయం మారిపోతుంది కాబట్టి నేర్చుకునేవాళ్లకు అది మంచిది కాదు.

ఎమల్షన్ విషయంలో మాత్రం పొదుపు వద్దు. చాలా చోట్ల ఇప్పటికీ అమ్మోనియం బైక్రోమేట్ కలిపి వాడతారు, చవక కాబట్టి. అది క్యాన్సర్ కారకం. చర్మానికీ ఊపిరితిత్తులకూ చెడ్డది, కడిగిన నీళ్లు కాలువలోకి పోతే నీటికీ చెడ్డది. మీ ఇంట్లో వంట జరుగుతుంది, ఆడపిల్ల ఉంది. డయాజో గానీ, ముందే కలిపి వచ్చే ఫోటోపాలిమర్ గానీ తీసుకోండి. ఖరీదు కొంచెం ఎక్కువ. కానీ బైక్రోమేట్ పూసిన స్క్రీన్‌ని మన వేడికి వెంటనే వాడేయాలి, డయాజో పూసినది చీకట్లో, పొడిచోట దాచుకుంటే రోజుల తరబడి ఆగుతుంది. గుడ్డ సంచులకు నీళ్ల ఇంక్ (నీళ్లతో పలుచన చేసేది) వాడమంటాను గనుక నీటికి తట్టుకునే ఎమల్షన్ అని అడిగి మరీ కొనండి. లేకపోతే వంద సంచులయ్యేసరికి అక్షరం అంచులు కరగడం మొదలవుతాయి.

టేబుల్ ఓనరు గారిదైతే ఫ్రేములు, మెష్, స్క్వీజీలు, ఎమల్షన్, పెట్టె, ఇంకులు అన్నీ కలిపి 30 వేలు దాటనక్కర్లేదు. మీ దగ్గర ఇంకా యాభై వేలకు పైగా మిగులుతుంది. దాన్ని సామానుకు పెట్టకండి. ఖాళీ సంచులు కొనడానికి, చెడిపోయిన పీసులకు, బాకీ ఆలస్యంగా వచ్చే నెలలకు అదే ఆసరా.

ఇక ఏం ప్రింట్ చేయాలి? మీరు టీషర్టుల గురించే రాశారు. నేనైతే తాంబూలం సంచులతో మొదలుపెట్టమంటాను. పెళ్లికి, గృహప్రవేశానికి, ఓణీల ఫంక్షన్‌కి రెండొందలు, మూడొందల సంచులు, ఒకే రంగు, ఒకే డిజైను. వాటిని ఎవరూ టీషర్టులా వారం వారం ఉతకరు, కాబట్టి ఇంక్ గట్టిదనం మీద మొదట్లోనే ప్రాణాల మీదికి రాదు. అన్నిటికంటే ముఖ్యం, శుభలేఖ వేయించుకోవడానికి వచ్చేవాళ్లంతా ముందు మీ డీటీపీ టేబుల్ దగ్గరే కూర్చుంటున్నారు. "సంచులు కూడా కావాలా అండీ" అని అడగడానికి మీకంటే మంచి చోటు ఇంకెవరికీ లేదు.

మీకు ఇంకో బలం ఉంది, దాన్ని మీరు గుర్తించినట్టు లేదు. తెలుగు అక్షరం స్క్రీన్ మీద అంత సులువుగా పడదు. సన్నటి తలకట్టు మాయమైపోతుంది, ఒత్తులు ఇంక్‌తో పూడిపోయి నల్లచుక్కలవుతాయి. శుభలేఖకు బాగున్న ఫాంటు ముతక గుడ్డ సంచి మీద చదవడానికే రాదు. ఏ అక్షరాన్ని ఎంత లావు చేయాలో, ఒత్తుకీ అక్షరానికీ మధ్య ఎంత జాగా వదలాలో పదకొండేళ్లు అక్షరాలు పేర్చిన మీకు తెలిసినంతగా మిషన్ కొన్న కుర్రాడికి తెలియదు. పేరు తప్పు పడితే మూడొందల సంచులూ మీ నెత్తినే పడతాయి కాబట్టి, ప్రూఫు మీద కస్టమర్లతో సంతకం పెట్టించుకోవడం మాత్రం మొదటి ఆర్డరు నుంచే అలవాటు చేసుకోండి.

నాన్‌వోవెన్ సంచులు (నేయకుండా ప్లాస్టిక్ పోగులు అతికించి చేసినవి) అడుగుతారు. 2021 సెప్టెంబరు 30 నుంచి కేంద్ర నిబంధనల ప్రకారం 60 జీఎస్ఎం (చదరపు మీటరుకు 60 గ్రాములు) కంటే తక్కువ నాన్‌వోవెన్ క్యారీ బ్యాగులు నిషేధం. చవకగా వస్తున్నాయని పలచటివి కొని నిల్వ పెట్టుకోకండి. పైగా వాటికి వాడే ఇంక్ వేరు, థిన్నరు వాసన ఎక్కువ. తలుపులేసిన గదిలో ఆ పని చేయకూడదు. నూలు సంచి, నీళ్ల ఇంక్, ఇవే మీకు మంచిది. నీళ్ల ఇంక్‌తో ఒక చిక్కుంది: ఎండాకాలం ఫ్యాను కింద ప్రింట్ చేస్తే స్క్రీన్‌లోనే ఆరిపోయి అక్షరాలు మూసుకుపోతాయి. ఇంక్‌లో రిటార్డరు (త్వరగా ఆరకుండా ఆపేది) కలపడం, ప్రతి ప్రింటు తర్వాత స్క్రీన్ మీద ఇంక్ పొర పరిచి ఉంచడం మరిచిపోకండి. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి ఆ నెలంతా పాత దుప్పటి ముక్కల మీద, చవక సంచుల మీద సాధన చేయొచ్చు. శ్రావణం పెళ్లిళ్లకు చేతిలో చూపించడానికి నాలుగు నమూనాలు ఉంటాయి.

టీషర్టులకు తర్వాత రండి. కాటన్ మీద ఆ నీళ్ల ఇంక్ (పిగ్మెంట్ ఇంక్) నిలవాలంటే దాదాపు 150 డిగ్రీల వేడి మూడు నుంచి ఐదు నిమిషాలు తగలాలి, దానికి ఒక హీట్ ప్రెస్ కావాలి. ప్రింట్ చేసిన ముక్కను ఉతికి చూడకుండా స్కూలు ఆర్డరు ఒప్పుకోకండి. ఆటల జెర్సీలు, ముఖ్యంగా ఎరుపు లాంటి ముదురు రంగు పాలిస్టరువి, మొదట్లో అస్సలు వద్దు. వేడికి గుడ్డ రంగు పైకెక్కి తెల్ల ఇంక్ గులాబీ రంగుకు తిరుగుతుంది. పాడైన పీసు ఖరీదు మీరే కట్టాలి.

మీ మరిది చెప్పినదాంట్లో సగం నిజముంది. ఒక్క టీషర్టు, పది టీషర్టులు, ఫోటో లాంటి రంగుల బొమ్మ, ఇవన్నీ ఇప్పుడు డీటీఎఫ్‌కే వెళ్లిపోయాయి, అవి స్క్రీన్‌కు తిరిగి రావు. స్క్రీన్ తయారీకి పాజిటివ్‌తో కలిపి 300 అయిందనుకోండి. పది పీసుల ఆర్డరులో పీసుకు 30 రూపాయలు దానికే పోతుంది. 200 పీసులైతే రూపాయిన్నరే. కాబట్టి చిన్న ఆర్డరు డీటీఎఫ్‌ది, ఒక రంగు పెద్ద ఆర్డరు స్క్రీన్‌ది. కానీ డీటీఎఫ్ ప్రింటరు ఖాళీగా ఉంటే ఊరుకోదు. దాని తెల్ల ఇంక్ అడుగుకు దిగుతుంది, వాడకపోతే హెడ్డు మూసుకుపోతుంది. రోజూ పని ఉన్నవాళ్లకే అది. అలాంటి ప్రింటరు ఉన్నవాళ్లు ఫిల్మును మీటరు లెక్కన ప్రింట్ చేసి కొరియర్లో పంపుతారు. టీషర్టుల కోసం మీరు ఎలాగూ కొనే హీట్ ప్రెస్‌తో దాన్ని అంటించి ఇచ్చేయొచ్చు. లాభం తక్కువే గానీ వచ్చిన కస్టమర్ వెనక్కి పోడు.

ఇక మరిది డబ్బు. లక్షన్నర తీసుకుని సగం వాటా ఇచ్చారనుకోండి, రేపు పనంతా మీదీ, నిర్ణయం మాత్రం ఇద్దరిదీ అవుతుంది. భాగస్వామ్య వ్యాపారంలో ఒకరు చేసిన బాకీకి ఇంకొకరు కూడా బాధ్యులే. మీకు ఆయన మీద నమ్మకం ఉండొచ్చు, కానీ ఒకే కుటుంబం, పండక్కీ పబ్బానికీ ఒకే పంక్తిలో కూర్చోవాలి. ఆయన నిజంగా రోజూ వచ్చి పనిచేస్తాడా? అలా అయితే ఎవరు ఏ పని, ఎవరికి ఎంత, విడిపోతే సామాను ఎవరిది అన్నది డీడ్ రాయించుకుని కలుపుకోండి. డబ్బు మాత్రమే పెడతానంటే వాటా కాకుండా వడ్డీకి, ప్రోనోటు రాసి తీసుకోవచ్చు. లేదంటే "ఈ సీజను నన్ను ఒంటరిగా చేయనీ, పని పెరిగాక మాట్లాడుకుందాం" అని మెల్లగా చెప్పొచ్చు. నా మనసు మూడోదాని వైపే ఉంది. ఆ లక్షన్నర అవసరం మీకు ఇంకా రాలేదు. రాకముందే తీసుకుంటే దాన్ని ఖర్చు చేయడానికే ఏదో ఒక మిషన్ కొంటారు.

ఉద్యోగం సంగతికొస్తే మీ ముందు మూడు దారులున్నాయి. ఇప్పుడే మానేస్తే పూర్తి సమయం దొరుకుతుంది, కానీ 15 వేల జీతంతో పాటు ఆ షాపుకొచ్చే పెళ్లివాళ్లు కూడా మీకు దూరమవుతారు. ఉద్యోగం చేస్తూ ఓనరుకి తెలియకుండా ఇంట్లో మొదలుపెడితే, చిన్న ఊరు కాబట్టి తెలియకుండా ఉండదు, పదకొండేళ్ల మంచితనం పోతుంది. మూడోది ఆయనతో నేరుగా మాట్లాడటం. టేబుల్ అద్దెకు గానీ, సంచికి ఇంత అని వాటాకు గానీ అడిగి, షాపు మూసేశాక సాయంత్రాలు, ఆదివారాలు మేడమీదే పనిచేసుకోవడం. ఇందులో మీకు విశ్రాంతి తగ్గుతుంది, లాభంలో కొంత ఆయనకు పోతుంది, ఆయన కాదనొచ్చు కూడా. కాదంటే ఇంట్లో ఒక మూల చిన్న టేబుల్ వేసుకోవడానికి ఆయనకు చెప్పే చేయండి. ఒప్పుకుంటే నీళ్లు, చోటు, కమర్షియల్ కరెంటు, కస్టమర్లు నాలుగూ ఒకేచోట దొరుకుతాయి. కనీసం చీటీ వాయిదాలు తీరేదాకా జీతం వదలొద్దనే నా సలహా. అప్పటికి రెండు పెళ్లిళ్ల సీజన్ల లెక్క మీ నోట్‌బుక్కులో ఉంటుంది. మానేయాలా వద్దా అన్నది అది చూసి మీరే తేల్చుకోవచ్చు.

ఆ నోట్‌బుక్కు మొదటి రోజే తెరవండి. సంచి ఖరీదు, ఇంక్, స్క్రీన్, చెడిపోయినవి, మీ గంటలు అన్నీ రాయండి. మీ గంటలకు కూలి వేసుకోకపోతే ప్రతి ఆర్డరూ లాభంలాగే కనిపిస్తుంది. సగం డబ్బు అడ్వాన్సు లేకుండా సంచి మీద ఇంక్ పెట్టకండి, బంధువులైనా సరే. ఎన్నికలప్పుడు కండువాల ఆర్డర్లు వస్తాయి. వాటికి మొత్తం డబ్బు ముందే తీసుకోండి. ఎన్నికలయ్యాక బాకీ కోసం ఎవరి చుట్టూ తిరగాలో కూడా తెలియదు.

మీ వారికి ఈ జవాబులోని లెక్కే చూపించండి: చీటీ వాయిదాల లక్షా పదివేలు, ఫీజు 60 వేలు విడిగా బ్యాంకులో వేసి, "వీటిని ముట్టుకోను, 30 వేలతో మొదలుపెడతాను, జీతం మానను" అని చెప్పండి. ఆయన భయం ఎంత మొత్తానికో, ఏ మొత్తం వరకు ఒప్పుకోగలరో అప్పుడు ఇద్దరూ మాట్లాడుకోవచ్చు. ఆయన గుమాస్తా కదా, నోట్‌బుక్కు లెక్కలు ఆయన్నే చూడమని అడిగితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

తర్వాత ఎప్పుడైనా పెట్టుబడి చాలకపోతే ముద్ర రుణాల్లోని శిశు విభాగం కింద 50 వేల దాకా తనఖా లేకుండా ఇస్తారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి. పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) సబ్సిడీ ఆలోచన ఉంటే ఒక్క సంగతి ముందే తెలుసుకోండి, అది ప్రధానంగా కొత్తగా పెట్టే యూనిట్లకే. కాబట్టి సొంతంగా పెద్దది పెట్టకముందే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి అడగాలి. మీకు దగ్గరలో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో స్క్రీన్ ప్రింటింగ్ బ్యాచ్ ఉందేమో కూడా కనుక్కోండి. అక్కడ శిక్షణ ఉచితం.

డీలరు పెట్టిన నెలాఖరు గడువు గురించి మీకు ఆందోళనగా ఉందని అర్థమైంది. 20 వేలు తగ్గించినా అది 3 లక్షల 60 వేలు. మీకు అవసరమైన రోజున ఆ మిషన్ ఆయన దగ్గరో, ఇంకొకరి దగ్గరో దొరుకుతుంది, వాడినది ఇంకా తక్కువకే దొరకొచ్చు. "ఈ సీజను కొనడం లేదండీ, ధర కాగితం మాత్రం పంపండి" అని ఫోన్ చేసి చెప్పేయండి. ఈ ఆదివారం ఓనరు గారిని అడిగి మేడమీది తాళం తీయించుకోండి.